మూగబోయిన సీరియల్ కార్డ్ రీడర్: తప్పు మోడ్ నుంచి వెనక్కి తెచ్చే దారి

సంక్షిప్తంగా

సెట్టింగ్ మార్చిన వెంటనే పనిచేయడం మానేసిన కార్డ్ రీడర్లలో చాలావరకు పాడైపోయినవి కావు. రీడర్ మాట్లాడే తీరు ఒకటి, కంప్యూటర్ వినే తీరు మరొకటి అయ్యాయి, అంతే. ఆ సెట్టింగ్ స్విచ్‌లో ఉందా, కరెంటు తీయగానే పోయే మెమరీలో ఉందా, ఎప్పటికీ నిలిచే మెమరీలో ఉందా అన్నది తేలితే రీడర్‌ను రాబట్టే దారి సగం తెలిసినట్టే. అది తేలక ముందు కమాండ్లు పంపుతూ పోతే చిన్న తప్పు పెద్దదవుతుంది.

మోడ్ అనే మాట కింద అయిదు వేర్వేరు సంగతులు

నిన్నటి దాకా కార్డు చూపగానే నంబరు పంపిన రీడర్ ఉన్నట్టుండి మూగబోతుంది. ఎల్ఈడీ వెలుగుతుంది, బీప్ కూడా వస్తుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు, లేదంటే అర్థంకాని గుర్తులు వరసగా పడతాయి. యూజర్ మాన్యువల్‌లో ‘మోడ్ సరిచూసుకోండి’ అని ఒక్క వాక్యం ఉంటుంది. గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే మోడ్ అన్న ఒక్క మాటతో తయారీదారులు అయిదు రకాల సంగతులను పిలుస్తున్నారు.

మొదటిది విద్యుత్ స్థాయి, అంటే గీత మీది వోల్టేజి: ఆర్ఎస్-232, టీటీఎల్, ఆర్ఎస్-485. రెండోది పద్ధతి, అంటే బిట్లను పంపే తీరు: సాధారణ సీరియల్, వీగాండ్, ఐ2సీ, ఎస్‌పీఐ. మూడోది వేగం, ఫ్రేమ్: 9600 లేదా 115200 బాడ్ (సెకనుకు పంపే బిట్ల సంఖ్య), ప్యారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) ఉందా లేదా, 7 బిట్లా 8 బిట్లా. నాలుగోది యూఎస్‌బీ రీడర్లలో కనిపిస్తుంది: కంప్యూటర్‌కు కీబోర్డులా కనబడాలా, కామ్ పోర్టులా కనబడాలా అన్నది. అయిదోది ఒకే కేబుల్ మీద పలు రీడర్లు ఉన్నచోట ఒక్కోదాని చిరునామా. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బయటికి కనిపించే లక్షణం దాదాపు ఒకటే, నిశ్శబ్దం. కారణాలు, చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు.

నాలుగో రకాన్ని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక. నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు గీకితే నంబరు దానంతట అదే టైపయితే రీడర్ కీబోర్డు మోడ్‌లోకి వెళ్లిందని అర్థం. అప్పుడు కామ్ పోర్టు కనబడకపోవడం సహజం. తయారీదారు ఇచ్చిన సెటప్ ప్రోగ్రాంతో వెనక్కి మార్చి, కేబుల్ తీసి మళ్లీ పెడితే సరిపోతుంది.

సెట్టింగ్ ఎక్కడ నిల్వ ఉంది?

స్విచ్, జంపర్, లేదా ఒక పిన్నును 5 వోల్టులకో గ్రౌండ్‌కో కలపడం ద్వారా పెట్టే మోడ్ కంటికి కనిపిస్తుంది. మార్చడం కూడా తేలికే. అయితే చాలా చిప్‌లు ఆ పిన్నులను కరెంటు వచ్చిన క్షణంలో మాత్రమే చూస్తాయి. నడుస్తుండగా స్విచ్ జరిపి, మార్పు లేదని చిప్ పోయిందనుకునేవారు చాలామంది.

రెండో రకం కమాండ్ ద్వారా మారి, చిప్ ర్యామ్‌లో మాత్రమే ఉండే సెట్టింగ్. కరెంటు తీసి పెడితే పాత స్థితికి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పవర్ తీగ ఒక్కటే తీస్తే చాలదు. కంప్యూటర్‌కు కలిపే సీరియల్ అడాప్టర్ టీఎక్స్ (డేటా పంపే) గీత ఖాళీగా ఉన్నప్పుడు కూడా 3.3 లేదా 5 వోల్టుల దగ్గర నిలిచి ఉంటుంది. ఆ వోల్టేజి రీడర్ ఆర్ఎక్స్ (డేటా అందుకునే) పిన్నులోని రక్షణ డయోడ్ గుండా లోపలికి పాకి చిప్‌ను సగం ప్రాణంతో నిలబెడుతుంది. దాంతో ర్యామ్ చెరగదు, రీసెట్ జరగదు. కాబట్టి డేటా తీగలు కూడా ఊడదీసి, అర నిమిషం ఆగి, ముందు గ్రౌండ్, తర్వాత పవర్, చివరికి డేటా అన్న వరసలో కలపాలి. ‘ఎన్నిసార్లు ఆపి వేసినా మారడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో ముందుగా సరిచూడాల్సింది ఇదే.

మూడోది ఈఈప్రామ్ లేదా ఫ్లాష్‌లో పడిపోయిన సెట్టింగ్. కరెంటు తీసినా పోదు. అసలు కష్టం దీనితోనే. దీని సంగతి కింద విడిగా ఉంది.

ముందు మల్టీమీటర్, తర్వాతే సాఫ్ట్‌వేర్

రీడర్ టీఎక్స్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య, కార్డు ఏదీ చూపకుండా, డీసీ వోల్టేజి కొలవాలి. మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య వస్తే అది ఆర్ఎస్-232. దానిలో ఖాళీ స్థితి రుణ వోల్టేజి. ప్లస్ 3.3 లేదా ప్లస్ 5 వస్తే టీటీఎల్. సున్నా దగ్గర ఉంటే అది టీఎక్స్ పిన్ను కాదు, లేదా గీత తలకిందులై ఉంది, లేదా చిప్‌కు కరెంటే అందడం లేదు.

ఈ కొలత పూర్తికాకుండా తీగలు కలపడం ప్రమాదం. ఆర్ఎస్-232 గీతను నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నుకు కలిపితే మైనస్ వోల్టేజికి ఆ పిన్ను కాలిపోవచ్చు. అంతకుముందు మోడ్ తప్పిన రీడర్ మాత్రమే ఉండేది, ఇప్పుడు దానికి తోడు పాడైన బోర్డు కూడా చేరుతుంది. రెంటి మధ్య మ్యాక్స్232 లేదా మ్యాక్స్3232 లాంటి మార్పిడి చిప్ తప్పనిసరి.

ఆ తర్వాత కంప్యూటర్ వైపు అడాప్టర్‌ను పరీక్షించాలి. దాని టీఎక్స్, ఆర్ఎక్స్ పిన్నులను ఒకదానికొకటి కలిపి టెర్మినల్‌లో (పోర్టు డేటాను చూపే ప్రోగ్రాం) టైప్ చేస్తే, కొట్టిన అక్షరమే తిరిగి రావాలి. రాకపోతే రీడర్‌ను అనుమానించడంలో అర్థం లేదు.

చెత్తలా కనిపించే బైట్లు చెప్పే సమాచారం

నిశ్శబ్దం కన్నా చెత్త మేలు. తప్పు ఎలాంటిదో అందులోనే రాసి ఉంటుంది. అయితే టెర్మినల్‌ను అక్షరాల రూపంలో కాక హెక్సా (0-9, ఏ-ఎఫ్ అనే పదహారు గుర్తుల లెక్క) రూపంలో చూపేలా పెట్టుకోవాలి.

వేగం తప్పితే వచ్చే బైట్ల సంఖ్యే ఆధారం. 9600 బాడ్‌లో ఒక్క బిట్ దాదాపు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. 115200 బాడ్‌లో 8.7 మైక్రోసెకన్లే. రీడర్ 9600లో పంపుతుంటే కంప్యూటర్ 115200లో వింటే, రీడర్ పంపే ఒక్క సున్నా బిట్ కంప్యూటర్‌కు పన్నెండు బిట్ల పొడవుగా కనిపిస్తుంది. స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు అన్నీ సున్నాలై, 00 అనే బైట్లు ఫ్రేమింగ్ ఎర్రర్‌తో (బైట్ చివర ఉండాల్సిన స్టాప్ బిట్ దొరకలేదన్న తప్పు) వరసగా వస్తాయి. దీనికి ఎదురుగా రీడర్ 115200లో, కంప్యూటర్ 9600లో ఉంటే 14 బైట్ల సందేశం మొత్తం 1.2 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. కంప్యూటర్ ఒక్క బైట్ చదవడానికే ఒక మిల్లీసెకను పైన పడుతుంది. అందుకే ఒకటి రెండు బైట్లు మాత్రమే కనిపిస్తాయి. అంటే ఎక్కువ బైట్లు, అందులోనూ సున్నాలు వస్తే వేగం తగ్గించాలి. రావాల్సినదానికన్నా బాగా తక్కువ వస్తే పెంచాలి.

ప్యారిటీ తప్పును పట్టుకోవడం ఇంకా తేలిక. రీడర్ 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీలో పంపుతుంటే కంప్యూటర్ 8 బిట్లు, ప్యారిటీ లేకుండా వింటోందనుకుందాం. ప్యారిటీ బిట్ ఎనిమిదో డేటా బిట్‌గా వచ్చి కూర్చుంటుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీలో 1, 2, 4, 7, 8 అంకెల కోడ్‌లో ఒకట్ల సంఖ్య బేసి. కాబట్టి వాటికి పై బిట్ చేరి ఆ అంకెలు పాడవుతాయి. 0, 3, 5, 6, 9 అంకెల్లో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటాయి గనుక అవి మామూలుగానే కనిపిస్తాయి. కార్డు నంబరులో ఈ అయిదు అంకెలు సరిగా ఉండి మిగతా అయిదూ పిచ్చి గుర్తులైతే మరో ఆలోచన అక్కర్లేదు. ప్యారిటీ సెట్టింగ్ మారిస్తే నంబరు పూర్తిగా వచ్చేస్తుంది. ఆడ్ ప్యారిటీ అయితే ఇదే తంతు తలకిందులుగా జరుగుతుంది.

ఏదీ తేలనప్పుడు 9600, 19200, 38400, 57600, 115200 అనే అయిదు వేగాలను, ప్యారిటీ లేని 8 బిట్లు, ఈవెన్ ప్యారిటీతో 8 బిట్లు, ఈవెన్ ప్యారిటీతో 7 బిట్లు అనే మూడు ఫ్రేములతో కలిపి చూడాలి. మొత్తం 15 ప్రయత్నాలు. ప్రతిసారీ అదే కార్డు వాడాలి, ఫలితం కాగితం మీద రాసుకోవాలి.

ఒక్క పిన్నుతో మూగబోయే ఈఎం-18

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో హాజరు, తలుపు తాళం లాంటి ప్రాజెక్టులు చేసినవారికి ఈఎం-18 పరిచయమే. 125 కిలోహెర్ట్జ్ కార్డులు చదివే చిన్న మాడ్యూల్ ఇది. దీనిలో సెల్ అనే పిన్ను మోడ్‌ను నిర్ణయిస్తుంది. దాన్ని 5 వోల్టులకు కలిపితే సీరియల్, గ్రౌండ్‌కు కలిపితే వీగాండ్. కలపకుండా వదిలేయడం, లేదా పక్క పిన్ను అనుకుని గ్రౌండ్‌కు కలపడం ఇక్కడ తరచూ జరిగే తప్పు.

వీగాండ్‌లో డీ0, డీ1 అనే రెండు గీతలుంటాయి. సున్నా పంపాలంటే మొదటి గీత, ఒకటి పంపాలంటే రెండో గీత క్షణకాలం కిందికి దిగుతుంది. ఆ దిగుడు 20 నుంచి 100 మైక్రోసెకన్లు ఉంటుంది, సాధారణంగా 50 దగ్గర. ఆ గీతను 9600 బాడ్ సీరియల్ పోర్టుకు కలిపితే ఏమవుతుంది? పోర్టు గీత కిందికి దిగడం చూసి స్టార్ట్ బిట్ అనుకుంటుంది. బిట్ మధ్యలో, అంటే 52 మైక్రోసెకన్ల దగ్గర, మళ్లీ చూస్తుంది. అప్పటికే గీత పైకి లేచి ఉంటుంది గనుక అది నిజమైన స్టార్ట్ బిట్ కాదని వదిలేస్తుంది. అందువల్లే వీగాండ్ మోడ్‌లో పడిన రీడర్ బీప్ చేస్తూ కూడా పోర్టులో ఒక్క బైట్ కనిపించదు. పల్స్ కాస్త వెడల్పుగా ఉన్న రీడర్లయితే ఎఫ్ఎఫ్ బైట్లు వస్తాయి.

సెల్ పిన్నును 5 వోల్టులకు కలిపి, కరెంటు తీసి పెట్టాక, 9600 బాడ్‌లో కార్డుకు 12 అక్షరాలు రావాలి. మొదటి పది కార్డు నంబరు, చివరి రెండు చెక్‌సమ్ (నంబరు సరిగా వచ్చిందో తేల్చే అంకెలు). నంబరును రెండేసి అంకెల అయిదు హెక్సా బైట్లుగా విడదీసి ఎక్స్ఆర్ (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇచ్చే లెక్క) చేస్తే చెక్‌సమ్ వస్తుంది. 0100234152 అనే నంబరుకు 01, 00, 23, 41, 52 ఎక్స్ఆర్ చేస్తే 31. కాబట్టి తెర మీద 010023415231 కనిపించాలి. ఇలా లెక్క సరిపోయినప్పుడే మోడ్ కుదిరినట్టు. అంకెలు కనబడ్డాయి కదా అని ఆపేయకూడదు.

పీఎన్532: స్విచ్‌లోనూ ఉంది, ర్యామ్‌లోనూ ఉంది

13.56 మెగాహెర్ట్జ్ కార్డులకు వాడే పీఎన్532 చిప్ సీరియల్, ఐ2సీ, ఎస్‌పీఐ మూడింటిలోనూ మాట్లాడగలదు. బాగా అమ్ముడయ్యే ఎరుపు రంగు బోర్డు మీద రెండు చిన్న స్విచ్‌లుంటాయి. రెండూ 0 అయితే సీరియల్. మొదటిది 1, రెండోది 0 అయితే ఐ2సీ. మొదటిది 0, రెండోది 1 అయితే ఎస్‌పీఐ. సీరియల్ గీతలూ ఐ2సీ గీతలూ ఒకే పిన్నుల మీద ఉండటం వల్ల తీగల అమరిక సరిగానే కనిపిస్తుంది, జవాబు మాత్రం రాదు. స్విచ్‌లు మార్చాక కరెంటు తీసి పెట్టడం ఇక్కడా తప్పదు.

సీరియల్ మోడ్‌లో చిప్ 115200 బాడ్‌తో మొదలవుతుంది. కమాండ్ ద్వారా 9600 నుంచి 1288000 దాకా మార్చవచ్చు. ఆ మార్పు ర్యామ్‌లోనే ఉంటుంది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి వేగం తప్పిపోతే, పైన చెప్పినట్టు అన్ని తీగలూ తీసి పెడితే మళ్లీ 115200కు వస్తుంది.

సరిచూడటానికి పంపాల్సిన వరస ఇది (హెక్సా అంకెలను తెలుగు అక్షరాల్లో ఇచ్చాం). ముందు 55 55, ఆపైన పదికి తక్కువ కాకుండా 00 బైట్లు. ఇవి నిద్రలో ఉన్న చిప్‌ను లేపడానికి. వెంటనే 00 00 ఎఫ్ఎఫ్ 03 ఎఫ్‌డీ డీ4 14 01 17 00 పంపి చిప్‌ను మామూలు స్థితికి తేవాలి. తర్వాత 00 00 ఎఫ్ఎఫ్ 02 ఎఫ్ఈ డీ4 02 2ఏ 00 పంపి ఫర్మ్‌వేర్ వెర్షన్ అడగాలి. ప్రతి కమాండ్‌కూ మొదట 00 00 ఎఫ్ఎఫ్ 00 ఎఫ్ఎఫ్ 00 అనే అందింది సందేశం, ఆ తర్వాత అసలు జవాబు వస్తాయి. వెర్షన్ జవాబులో డీ5 03 తర్వాత 32 కనబడితే చిప్ నిక్షేపంగా ఉన్నట్టే. అందింది సందేశం వచ్చి జవాబు రాకపోతే మోడ్ తప్పు కాదు, పవర్ చాలకపోవడం లాంటి వేరే కారణం వెతకాలి. లేపే బైట్లు పంపకుండా నేరుగా వెర్షన్ అడిగి, నిశ్శబ్దం చూసి బోర్డు మార్చేయడం ఇక్కడ అనవసర ఖర్చు.

స్మార్ట్‌కార్డ్ రీడర్లలో ఫీనిక్స్, స్మార్ట్‌మౌస్

చిప్ ఉన్న కార్డులను సీరియల్ పోర్టుతో చదివే పాత రీడర్లలో ఫీనిక్స్, స్మార్ట్‌మౌస్ అనే రెండు మోడ్‌లుంటాయి. రెంటికీ ముఖ్యమైన తేడా రీసెట్ గీత ఏ వోల్టేజి స్థాయిలో పనిచేస్తుందన్నది. జంపర్ తప్పు వైపు ఉంటే కార్డు ఎప్పటికీ రీసెట్‌లోనే ఉండిపోతుంది, ఒక్క బైట్ కూడా రాదు.

క్లాక్ జంపర్ ఇంకొకటి. ఐఎస్ఓ 7816 ప్రకారం కార్డు మొదట్లో ఒక్కో బిట్‌కు 372 క్లాక్‌లు తీసుకుంటుంది. 3.579 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 9600 బాడ్. జంపర్ 6 మెగాహెర్ట్జ్‌కు మారితే 16129 అవుతుంది. పోర్టును 9600లోనే ఉంచితే చెత్త వస్తుంది.

రీసెట్ తర్వాత కార్డు పంపే మొదటి బైట్ 3బీ అయితే అంతా సవ్యం. 03 కనబడితే తప్పు జరిగిందని కంగారు పడనక్కర్లేదు. అది బిట్లను తిప్పి, తలకిందులుగా పంపే రకం కార్డు. అసలు బైట్ 3ఎఫ్. అలాంటి కార్డుకు పోర్టును ఈవెన్ బదులు ఆడ్ ప్యారిటీలో పెట్టి, వచ్చిన ప్రతి బైట్‌నూ ప్రోగ్రాంలో తిప్పుకోవాలి.

నిలిచిపోయే మెమరీలో పడిన తప్పు

ఆఫీసుల తలుపుల దగ్గర వీగాండ్ స్థానంలోకి ఓఎస్‌డీపీ వస్తోంది. ఆర్ఎస్-485 మీద నడిచే ఈ పద్ధతి 2020లో ఐఈసీ 60839-11-5 ప్రమాణమైంది. వీగాండ్ రీడర్‌కు వేగమూ చిరునామా ఉండవు కాబట్టి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఓఎస్‌డీపీ రీడర్‌కు రెండూ ఉన్నాయి, రెంటినీ ఒకే కమాండ్ మారుస్తుంది, మార్పు శాశ్వతంగా నిలుస్తుంది. కంట్రోలర్ ఆ కమాండ్ పంపాక కొత్త వివరాలు తన దగ్గర నమోదు కాకముందే ఆగిపోతే, రీడర్ ఎక్కడుందో కంట్రోలర్‌కు తెలియదు.

దీనికి దారి ప్రమాణంలోనే ఉంది. హెక్సాలో 7ఎఫ్ అనే చిరునామాకు ఏ రీడర్ అయినా జవాబివ్వాలి. పోయిన రీడర్‌ను కేబుల్ నుంచి విడదీసి, యూఎస్‌బీ ఆర్ఎస్-485 అడాప్టర్‌కు ఒక్కదాన్నే కలపాలి. కేబుల్ మీద రెండు రీడర్లుంటే రెండూ ఒకేసారి బదులిచ్చి సందేశాలు ఢీకొంటాయి. తర్వాత 9600 నుంచి 230400 దాకా ఒక్కో వేగంలో, సీక్వెన్స్ (సందేశాల వరస) సంఖ్య 0తో, పోల్ (ఉన్నావా అని అడిగే) కమాండ్ పంపాలి. జవాబు కోసం ప్రతిసారీ కనీసం 200 మిల్లీసెకన్లు ఆగాలి. ఏ వేగంలోనూ రాకపోతే ఏ, బీ తీగలు తారుమారు చేసి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించాలి. జవాబు వచ్చిన వేగంలోనే మాట్లాడి, చిరునామాను, వేగాన్ని పాత విలువలకు మార్చాలి.

యూఎస్‌బీ సీరియల్ చిప్‌లలో కూడా ఇలాంటి మెమరీ ఉంది. ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఈఈప్రామ్‌లో టీఎక్స్, ఆర్ఎక్స్, ఆర్‌టీఎస్ గీతలను తలకిందులు చేసే సెట్టింగ్‌లుంటాయి. ఒక్క టిక్ తప్పు పడితే రీడర్, కేబుల్ అన్నీ బాగానే ఉన్నా డేటా మొత్తం చెత్తవుతుంది. టీఎక్స్ ఖాళీగా ఉన్నప్పుడు సున్నా వోల్టులు చూపడమే దీని గుర్తు. ఎఫ్‌టీ ప్రోగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో చదివి సరిచేయవచ్చు. రాసేముందు ఉన్నదాన్ని ఫైలుగా దాచుకోవాలి.

అదే మెమరీలో చిప్ గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన, ఆ చిప్ తయారీదారు ఎఫ్‌టీడీఐ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను 0000గా మార్చేసింది. ఆ చిప్ ఉన్న పరికరాలు ఏ కంప్యూటర్‌కు పెట్టినా కనబడకుండా పోయాయి. కొన్నవారిలో చాలామందికి లోపల నకిలీ చిప్ ఉందనే తెలియదు. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. అక్కడ కూడా చిప్ చావలేదు. సంఖ్యను మళ్లీ 6001గా రాస్తే పరికరం తిరిగి కనబడింది.

తప్పు కంప్యూటర్‌లో ఉన్నప్పుడు

లినక్స్‌లో పోర్టు కనబడిన మరుక్షణం మాయమైతే రీడర్‌ను వదిలేసి సిస్టమ్ లాగ్ చూడాలి. ఉబుంటు 22.04లో అంధులకు బ్రెయిలీ తెరలు నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం, 1ఏ86:7523 గుర్తింపు ఉన్న సీహెచ్340 అడాప్టర్లను తనవిగా పొరబడి లాగేసుకుంటుంది. బ్రెయిలీ పరికరం వాడనివారు ఆ ప్యాకేజీని తొలగిస్తే పోర్టు నిలుస్తుంది. మోడెమ్ మేనేజర్ ఇంకో రకం. కొత్త పోర్టు కనబడగానే అది మోడెమ్ కావచ్చని ఏటీ కమాండ్లు (మోడెమ్‌లకిచ్చే ఆదేశాలు) పంపవచ్చు. మామూలు అక్షరాలనే కమాండ్లుగా తీసుకునే రీడర్‌కు ఆ పలకరింపే మోడ్ మార్పు కావచ్చు.

పెరుగుతున్న చిక్కు

స్విచ్‌లు, జంపర్లు తగ్గి సెట్టింగ్‌లు మెమరీలోకి వెళ్తున్నకొద్దీ తప్పు కంటికి కనబడటం మానేస్తుంది. ఓఎస్‌డీపీలో 128 బిట్ల ఏఈఎస్ తాళం కూడా రీడర్‌లోనే ఉంటుంది. చిరునామా, వేగం పోతే పైన చెప్పిన పద్ధతితో దొరుకుతాయి. తాళం పోతే వెతికే పద్ధతి లేదు, ఉండకూడదు కూడా. భద్రత ఉండేదే అందులో. తయారీదారు ఇచ్చిన ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే మార్గం. అది చాలా రీడర్లలో గోడ నుంచి విప్పితేగాని అందని వెనక వైపు ఉంటుంది. అందుకని రీడర్ బిగించేటప్పుడే చిరునామా, బాడ్ వేగం, తాళం మార్చిన తేదీ రాసిన చీటీని కంట్రోలర్ పెట్టె తలుపు లోపలి వైపు అంటించాలి. తాళాన్ని మాత్రం ఆ చీటీ మీద రాయకూడదు.